ముట్లుడుగు కాలము – ఇంటివారి కర్తవ్యము



ఈ పత్రికలో నేను సాధారణముగా వ్రాయు సంగతులు మీరెఱిగినవే. విత్తనశుద్ధి, పచ్చిరొట్ట యెరువు, కందిలో కాయతొలుచు పురుగు, పత్తిలో గులాబిరంగు పురుగు, ఇవియే నా యుద్యోగధర్మము. ఈ మాసమున మాత్రము వేఱొక విషయమును వ్రాయుచున్నాను. చూడగానే "ఇది ఆడువారి సంగతి, సంఘపు పత్రికలో దీనికేమి పని?" యని కొందఱు ప్రక్కన బెట్టుదురేమో. తుదివఱకు చదివి, పనికిరాదని తోచినచో అప్పుడు ప్రక్కన బెట్టుడు. మన చేలలో కలుపు తీయువారు, పత్తి యేరువారు, పశువుల పేడ యెత్తి పాలు పితుకువారు ఎక్కువమంది స్త్రీలే. వారి దేహమునకు వచ్చు మార్పు ఇంటికిని, చేనికిని, సంఘములో దీసికొన్న అప్పునకును గూడ సంబంధించినదే యని బోరంచలో నాకు తెలియవచ్చినది.

బోరంచ మంజీరా తీరపు గ్రామము. నల్లపోచమ్మ తల్లి గుడివలన ఈ యూరి పేరు చుట్టుపట్ల నందఱికిని తెలియును. నారాయణఖేడ్ ప్రాంతము 1956 వఱకు బీదరు జిల్లాలో నుండి, పిమ్మట మెదకు జిల్లాలో జేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. ఇచట నల్లరేగడి భూములు మెండు. పత్తి యేరుట జరుగుచుండిన దినములలో నేనొక చేని గట్టున నిలిచి కాయలు విప్పి పురుగు చూచుచుండగా, ఏబది యేండ్లకు దగ్గఱపడిన రైతొకడు వచ్చి నా ప్రక్కన గూర్చుండెను. ఆయన పేరు వ్రాయను. ఆయనయు, ఆయన భార్యయు అనుమతించినందుననే ఈ సంగతి వ్రాయుచున్నాను.

"సారూ, సంఘంల అప్పు జర ముందుగాల దొరుకుతదా?" అని యడిగెను.

"దేనికన్నా? యాసంగి శనగలు అలికిన్రు గదా" అంటిని.

ఆయన కొంతసేపు నేలను జూచి, "విత్తనాలకు కాదు సారూ. మా ఇంటామెకు గర్భసంచి తీపియ్యాలె. ఇన్నేండ్ల సంసారంల ఒక్కనాడు ఎదురు మాట్లాడని మనిషి, ఇప్పుడు గిన్నె చప్పుడైతే కస్సుమంటున్నది. కోడలితోని పడతలేదు. నడిరాత్రి లేచి వాకిట్ల కూసుంటది. నేను పలకరిస్తే మొఖం తిప్పుకుంటది. గాలి సోకిందని ఒకడన్నడు. సంచి కరాబైంది, తీసేస్తే అన్నీ తక్కువైతయని సూదులేసేటాయన చెప్పిండు" అనెను.

ఆమె వయస్సెంత యని యడిగితిని. నలుబదియైదో, ఆఱో యనెను. నెలసరి యెట్లున్నదని యడుగుటకు నాకును సిగ్గు కలిగెను. చెప్పుటకు ఆయనకును సిగ్గు కలిగెను. అయినను చెప్పెను: ఏడాదిగా వరుస తప్పినది, ఒకప్పుడు మూడు మాసములు రాదు, ఒకప్పుడు వచ్చి పది దినములు పోవును. "ఊళ్ళె ఒకడు నవ్వుకుంట అన్నడు సారూ, వట్టిపోయిన బర్రె తన్నకుండ ఊకుంటదా అని" యనుచు ఆయన తల వంచుకొనెను.

ఆ మాట నా మనస్సులో నాటుకొన్నది. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ మాటయే కారణము.

ముట్లుడుగుట యననేమి?

ఆడుశిశువు పుట్టునప్పుడే ఆమె యండాశయములలో ఆమె జీవితమునకు వలసిన యండబీజములన్నియు నుండును. క్రొత్తవి పిమ్మట పుట్టవు. ఏటేట అవి తఱుగుచు, నడివయస్సునకు చాలవఱకు ఖర్చయిపోవును. అప్పుడు అండాశయములు ఈస్ట్రోజెను అను రసమును చేయుట తగ్గించును. ఈ జాతి రసములలో నొకదానిని 1929వ సంవత్సరమున అమెరికాలో డాయిజీ యను శాస్త్రజ్ఞుడును, జర్మనీలో బ్యూటెనాంట్ అను శాస్త్రజ్ఞుడును వేఱువేఱుగా విడదీసి చూపిరి. ముట్లుడుగుటకు ఇంగ్లీషువారు వాడు మెనోపాజు అను మాటను ఫ్రెంచి వైద్యుడు గార్డాన్ 1821లో వాడుకలోనికి దెచ్చెను. పేర్లు క్రొత్తవే కాని సంగతి మాత్రము మానవజాతి యంత ప్రాచీనమైనది.

వరుసగా పండ్రెండు మాసములు నెలసరి రానిచో ముట్లుడిగినవని వైద్యులు నిర్ణయింతురు. మన దేశమున స్త్రీలకు ఇది సగటున 46, 47 సంవత్సరముల వయస్సున జరుగుచున్నది. పాశ్చాత్య దేశములలో సగటు వయస్సు 51. పొగాకు కాల్చు స్త్రీలకు ఒకటి రెండేండ్లు ముందుగ వచ్చును. నలుబది యేండ్లకు ముందే ముట్లు నిలిచినచో అది సాధారణము గాదు, వైద్యునకు చూపవలయును.

ఇది యొక్కనాటిలో జరుగునది కాదు. వానకాలము వెళ్ళిపోవు తీరు మీరెఱుగుదురు. ఒక వారము ఎండ కాయును, వాన లిక లేవనుకొన్న నాడు కుండపోతగ గురియును, మరల నిలుచును. ముట్లుడుగుటకు ముందటి నాలుగైదేండ్లు స్త్రీ దేహమున నిట్లే జరుగును. ఆ రసము ఒకనాడు హెచ్చి, ఒకనాడు తగ్గి, తుదకు అడుగంటును. ఈ హెచ్చుతగ్గుల వలననే బాధలు కలుగును. మెదడులో దేహపు వేడిని సరిచూచు చోటు ఒకటి కలదు. అది తప్పు లెక్క వేసి, చలికాలమందు గూడ ఒళ్ళంతయు సెగ యెత్తినట్లు చేయును. ముఖము, మెడ ఎఱ్ఱబడి, చెమట పోసి, కొన్ని నిమిషములలో తగ్గి, పిమ్మట చలి పుట్టును. ఇది రాత్రివేళ వచ్చినచో నిద్ర చెడును. నెలల తరబడి నిద్ర చెడిన మనిషికి కోపము వచ్చుటలో వింత యేమున్నది? కీళ్ళు నొచ్చుట, గుండె దడదడలాడుట, చేతిలోని పని మఱచుట, కారణము లేక దుఃఖము వచ్చుట, మూత్రమున మంట, ఇవియు కొందఱికి కలుగును. మర్మస్థానమున తడి తగ్గి, భర్తతోడి కలయిక నొప్పిగ నుండును. బోరంచ రైతు భార్య ముఖము త్రిప్పుకొనుటకు అదియు నొక కారణమై యుండవచ్చును. ఆమె చెప్పలేదు; ఆయన యడుగలేదు.

అందఱికిని అన్ని బాధలు నుండవు. కొందఱికి ఏమియు తెలియకుండగనే ముట్లు నిలిచిపోవును. కొందఱికి సెగలు ఏడెనిమిదేండ్లు గూడ నుండును. ఇది రోగము కాదు. గాలి సోకుట అంతకన్న కాదు. ఇంకొక సంగతి: ఒకటి రెండు మాసములు రానంత మాత్రమున ముట్లుడిగినవని యనుకొనరాదు. పండ్రెండు మాసములు నిండువఱకు గర్భము నిలుచుటకు అవకాశము పూర్తిగ పోదు.

ఒకే కప్పు క్రింద

మన యిండ్లలో పెండ్లిండ్లు చిన్నతనముననే జరుగుచు వచ్చినందున, నలుబదియైదేండ్ల స్త్రీ అప్పటికే అత్తయై యుండును. ఆమెకు ముట్లు ఆగు కాలమును, కోడలు బిడ్డల గను కాలమును ఒకటే. ఒకే కప్పు క్రింద ఒకరికి నిద్ర పట్టదు సెగల వలన; మఱియొకరికి నిద్ర లేదు పసిబిడ్డ యేడ్పు వలన. ఇద్దఱును తెల్లవాఱుజామున లేచి రొట్టెలు కొట్టవలసినదే, ఇద్దఱును కూలికో చేనికో పోవలసినదే. ఇట్టియెడ ఉప్పు ఎక్కువైనదని మొదలైన మాట వేఱు కాపురము వఱకు పోయినచో, తప్పు ఉప్పుది కాదు, మనుష్యులది గూడ కాదు. ఇద్దఱి యలసటయు మాటగా బయటపడినది. అంతియే.

కోడలు "అత్తకు నేనంటే గిట్టదు" అనుకొనును. అత్త "కోడలు వచ్చిన పిదప నా మాటకు విలువ లేదు" అనుకొనును. కొడుకు తల్లి పక్షము వహింపవలెనో భార్య పక్షము వహింపవలెనో తెలియక చావడికి పోయి కూర్చుండును. భర్త "దీనికి నా మీద మనసు పోయినది" అనుకొనును. ఇందఱి యూహలును తప్పే. నడుమ నున్న నిజము నెవ్వరును పలుకరు. పలుకుటకు మాట లేదు. మన యిండ్లలో ముట్టును గూర్చి "బయట నున్నది" అనుటయే కాని వేఱు మాట లేదు. నేను మిషను బడిలో చదివితిని. దేహశాస్త్రము చెప్పిరి, ఎముకల లెక్క, పండ్ల లెక్క కంఠస్థము చేయించిరి. కాని మా తల్లికి నలుబదియేడవ యేట ఏమి జరుగుచుండెనో ఆ పుస్తకమున లేదు. ఆమె మండుచున్న పొయ్యి వదలి వాకిటికి పోయి నిలుచుట చూచి, అన్నమునకు ఆలస్యమగుచున్నదని నేను విసుగుకొంటిని. ఆమె ఇప్పుడు లేదు.

కత్తికి తొందరపడుట

బోరంచ రైతుతో "అన్నా, అప్పు మాట తర్వాత, ముందు సర్కారు దవాఖానల డాక్టరమ్మకు చూపియ్యి" అని గట్టిగా జెప్పితిని. అంత గట్టిగా జెప్పుటకు కారణము నా యింటిలోనే కలదు.

మా యక్కకు ముప్పదిరెండేండ్ల వయస్సున తెల్లబట్ట, నడుము నొప్పి యుండెను. ఒక పట్టణములోని ఆసుపత్రిలో గర్భసంచి తీసివేయకున్న క్యాన్సరు వచ్చునని భయపెట్టిరి. మా బావ అప్పు జేసెను. ఆ కాగితము మీద జామీను సంతకము చేసినవాడను నేనే. సంచితోబాటు అండాశయములను గూడ తీసివేసినారని మాకు చాలకాలమునకు గాని తెలియలేదు. ఆఱు మాసములు తిరుగకముందే ఆమెకు రాత్రింబవళ్ళు చెమటలు, కీళ్ళ నొప్పులు, నిద్రలేమి మొదలయ్యెను. పదునాలుగేండ్ల పిదప మెల్లగా రావలసినది ఒక్కదినమున వచ్చి మీద బడెను. మా బావ "ఆపరేషను చేయించినా నఖరాలు పోలేదు" అనెను. నేనును "కొంచెము ఓర్చుకో అక్కా" అంటిని. ఆమె యోర్చుకొన్నది, కలుపునకు వంగలేక కూలి మానుకొన్నది. అప్పు తీఱుటకు మూడేండ్లు పట్టెను. ఆ సంతకము జ్ఞాపకము వచ్చినప్పుడెల్ల నాకిప్పటికిని సిగ్గగును.

ఇది మా యింటి కథ మాత్రమే కాదు. దేశములో 2015–16 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో గర్భసంచి తొలగింపును గూర్చి మొదటిసారిగా అడిగిరి. 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో దేశమున నూటికి 3.2 మందికి గర్భసంచి తీసివేయబడినట్లు తేలెను. తెలంగాణములో నూటికి 7.7, ఆంధ్రప్రదేశములో 8.9. దేశమంతటిలో అగ్రస్థానము మన రెండు తెలుగు రాష్ట్రములదే. ఈ శస్త్రచికిత్సలలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి.

మంజీరా పుట్టినచోటు మహారాష్ట్రములోని బీడు జిల్లా. ఆ జిల్లానుండి ఏటేట వేలకొలది కుటుంబములు చెరకు నరుకుటకు పోవును. పనికి ఒకనాడు రానిచో గుత్తదారులు జరిమానా పట్టుకొందురు. ముట్టు వచ్చిన దినమున పని పోవునను భయముతో గర్భసంచి తీయించుకొనుట అచట పెరిగినది. 2019లో మహారాష్ట్ర ప్రభుత్వము నియమించిన సంఘము విచారించి, 82,309 మంది చెరకు పని స్త్రీలలో 13,861 మందికి గర్భసంచి లేదని తేల్చినది. మన నారాయణఖేడ్ తాండాలనుండియు చెరకు నరుకుటకు వలసపోవు కుటుంబములు కలవు గనుక ఈ లెక్క మనకు దూరమైనది కాదు.

అనవసరమైన గర్భసంచి తొలగింపులపై ఒక వైద్యుడు వేసిన వ్యాజ్యములో మన సుప్రీంకోర్టు 2023 ఏప్రిలు 5వ తేదీన తీర్పు చెప్పినది. కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో చేసిన మార్గదర్శక సూత్రములను రాష్ట్రములన్నియు మూడు మాసములలో అమలులో బెట్టవలెనని యాజ్ఞాపించినది. కనుక "ఏల తీయవలెను? మందులతో కుదురదా?" యని యడుగుట మీ హక్కు. రెండవ వైద్యుని యభిప్రాయము తీసికొనుటకు ఎవ్వరును కోపగింపరాదు.

గర్భసంచి తీయుట ఎప్పుడును తగదని నేను చెప్పుటలేదు. క్యాన్సరు మొదలగు కొన్నిటిలో అది ప్రాణము నిలుపును. కాని ముట్లుడుగు కాలపు కోపమునకును, సెగలకును, నిద్రలేమికిని అది మందు కాదు. అండాశయములు గూడ తీసినచో ఆ బాధలు హెచ్చును. వానిని ఉంచి సంచి మాత్రము తీసినను, ముట్లుడుగు మార్పు కొన్నేండ్లు ముందుగ వచ్చు నవకాశము కలదు. ఎముకల గట్టితనము తగ్గుట, గుండెజబ్బుల భయము చిన్నతనముననే మొదలగుట మఱియొక నష్టము.

ఎప్పుడు తప్పక వైద్యునకు చూపవలెను?

ముట్లు నిలిచి పండ్రెండు మాసములు దాటిన పిదప మరల ఒక్క చుక్క రక్తము కనబడినను ఆలస్యము చేయరాదు. కలయిక పిమ్మట రక్తము కనబడుట, దుర్వాసన గల స్రావము, గంట గంటకు గుడ్డ మార్చవలసినంత రక్తస్రావము, వారమునకు మించి పోవుట, కడుపులో గడ్డ తగులుట, స్తనమున గడ్డ, ఇవి యన్నియు చూపవలసినవే. ముప్పది యేండ్లు దాటిన స్త్రీలకు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమములో నున్నది. ఆశా కార్యకర్త నడిగినచో ఎచట చేయుదురో చెప్పును.

అధిక రక్తస్రావమునకు మాత్రలు కలవు. గర్భసంచిలో నమర్చు మందు సాధనము కలదు. సెగలకు హార్మోను చికిత్స కలదు. అది కొందఱికి తగదు గనుక డాక్టరు చూచి యీయవలెనే కాని అంగడిలో నడిగి తినరాదు. కలయికలో నొప్పికి పూత మందులు కలవు. ఇట్టి చిన్న మందుతో కుదురు సంగతికి ఏండ్ల తరబడి భార్యాభర్తలు ముఖముఖము చూచుకొనకుండుట ఎంత యన్యాయము!

వట్టిపోయిన గొడ్డు కాదు

ఇక ఆ మాటకు వచ్చెదను. ఆవులు, బర్రెలు, మేకలు ఇంచుమించు బ్రదికినంత కాలము ఈనుచునే యుండును. ఈనుట మాని పిమ్మట చిరకాలము జీవించుట జంతుజాతిలో బహు అరుదు. మనుష్య స్త్రీయు, సముద్రములోని కొన్ని జాతుల తిమింగలములును ఈ విధముగ నున్నవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇట్లేల యయినది? ఆఫ్రికాలోని టాంజానియా దేశమున హాడ్జా యను అడవిజాతివారిలో క్రిస్టెన్ హాక్స్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు తన తోడివారితో గలిసి పరిశోధించెను. తల్లి క్రొత్త శిశువునకు పాలిచ్చు దినములలో, అమ్మమ్మ లేక నాయనమ్మ త్రవ్వి తెచ్చు దుంపల వలననే పెద్ద పిల్లలు బలముగ నుండుట ఆమె చూచెను. అవ్వ కనుట మాని మనుమలను పోషించుట వలననే మన జాతి నిలిచి వర్ధిల్లినదేమో యని ఆ శాస్త్రజ్ఞుల వాదము. మీ యింటిలో పత్తి యేరు దినములలో పసిబిడ్డను ఎవరు చూచుకొనుచున్నారో తలచుకొనుడు. ఈ వాదము బోధపడును.

మన దేశములోనే రాజస్థానము, హిమాచల ప్రదేశములలో 483 మంది రాజపుత్ర స్త్రీలను మార్చా ఫ్లింట్ అను పరిశోధకురాలు విచారించి 1975లో ప్రకటించెను. వారిలో ముట్లుడుగు బాధలు చెప్పినవారు బహు కొలదిమంది. ముట్లు నిలిచిన పిదప వారికి ఘోషా సడలి, మగవారి నడుమ కూర్చుండి మాటలాడుటకు స్వేచ్ఛ గలుగుచుండెను. జపానులో మార్గరెట్ లాక్ అను ఆమె విచారింపగా, అచటి స్త్రీలు ఒంటి సెగలను అమెరికావారికంటె చాల తక్కువగ చెప్పిరి. భుజముల బిగువును ఎక్కువగ చెప్పిరి. మర్యాద యిచ్చినంతనే దేహములోని రసము మారదు. తిండి, దేహము, అలవాట్లు గూడ లెక్కకు వచ్చును. అయినను ముట్లుడిగిన స్త్రీని ఇల్లు ఎట్లు చూచుచున్నదో ఆ చూపు ఆమె బాధను పెంచుటయో తగ్గించుటయో చేయునని ఇట్టి విచారణల వలన మనము నేర్చుకొనవచ్చును.

ఇంటిలో చేయదగినవి

మొదట భర్తకు చెప్పుచున్నాను. భార్య నడుగుడు. "నీకు ఒంట్ల ఎట్లున్నది?" అను మూడు మాటలు చాలును. జవాబు వెంటనే రాకపోవచ్చును, మఱునా డడుగుడు. నలుగురిలో నామె కోపమును గూర్చి నవ్వకుడు. ఆమె దూరముగ పడుకొన్నచో అలుగకుడు. సెగ తగ్గుటకు గాలి కావలసి యుండవచ్చును. మంచము గాలి వచ్చుచోట వేయుడు, నూలుబట్టలు కొనిపెట్టుడు, తలదాపున నీళ్ళచెంబు నుంచుడు. ఆమెను దవాఖానకు కొడుకుతోనో మఱదితోనో పంపక, మీరే తోడుపొండు. అవసరము గాని కత్తికి పంట అప్పును మళ్ళించి, విత్తనమునకు వడ్డీవ్యాపారి నాశ్రయించిన కుటుంబములను నేనెఱుగుదును.

కోడలికి: అత్త మాటలోని వేడి నీ మీదిది కాదని తెలిసికొనుము. తెల్లవాఱుజామున ఆమె కన్ను మూసినచో లేపకుము. పొయ్యి దగ్గఱి పని ఒకరు, వాకిటి పని ఒకరు మార్చుకొనుడు; సెగ యున్నవారికి పొయ్యి దగ్గఱ రెట్టింపు శిక్ష. ఇరువది యేండ్లకో యిరువదియైదేండ్లకో ఈ కాలము నీకును వచ్చును.

అత్తకు: అమ్మా, నీ బాధను కోపముగ గాక మాటగ జెప్పుము. "నాకు రాత్రి నిద్ర లేదు బిడ్డా, జర చూసుకో" యనినచో ఏ కోడలును కాదనదు. సంతానము కనుట ముగిసినది కాని నీ పెద్దఱికము ముగియలేదు. ముట్టు నిలిచిన పిదప గుడికి పోవుటకు, పండుగకు, శుభకార్యమునకు నీకడ్డు లేదు. మహిళా పొదుపు సంఘములో కూర్చుండినప్పుడు వాయిదా లెక్కతోబాటు ఈ మాట గూడ నెత్తుడు. ఒక్కరు నోరు విప్పినచో పదిమంది "నాకును అంతే" యందురు.

కొడుకునకు: చావడికి పోకుము. తల్లి చేతిలోని నీళ్ళబిందె నీవందుకొనుము. పక్షము వహించుటకంటె పని పంచుకొనుట మేలు.

తిండి విషయము నా వృత్తికి దగ్గఱిది గనుక చెప్పెదను. ఈ రసము తగ్గిన కొలది ఎముకలలోని సున్నము తఱుగును. దినమునకు సుమారు ఒక గ్రాము సున్నపు సత్తువ కావలయును. నూఱు గ్రాముల రాగులలో 350 మిల్లీగ్రాముల వఱకు నుండును. నూఱు గ్రాముల నువ్వులలో ఒక గ్రామునకు మించి యుండును. పాలన్నియు కేంద్రమునకు పోసి, ఇంటి ఇల్లాలికి నల్ల చాయ మిగుల్చుట మన యలవాటు. ఒక గ్లాసెడు పాలో మజ్జిగయో ఆమెకు మిగుల్చుడు. జొన్నరొట్టెతో పప్పు, మునగాకు, తోటకూర ఉండనిండు. రక్తము ఎక్కువ పోయినవారికి ఇనుము మాత్రలు డాక్టరు చెప్పినంత కాలము మ్రింగనిండు. చేనిలో ఎండన పనిచేయువారికి డి విటమిను ఎండ వలననే కొంత దొరకును. బరువు మోయుట మితముగ నున్న ఎముకకు మేలు. నడుము విఱుగునంత మోపు మాత్రము కీడు. చాయ, పొగాకు, మితిమీరిన కారము సెగలను హెచ్చించును గనుక తగ్గించిన మంచిది.

మరల బోరంచకు

ఆ రైతు నా మాట నమ్మెనో లేదో నాకప్పుడు తెలియలేదు. కంది కోతల దినములలో మరల నా యూరికి పోతిని. ఆయన కళ్ళమునుండి పిలిచెను. డాక్టరమ్మకు చూపిరట, కడుపు ఫోటో తీసి, సంచిలో చెడు ఏమియు లేదనిరట, రక్తము తక్కువగ నున్నదని మాత్రలు, స్రావము తగ్గుటకు మందు ఇచ్చిరట. "అప్పు అక్కర పడలేదు సారూ" అనెను.

"ఇంటామె కోపం తక్కువైందా అన్నా?" అని యడిగితిని.

ఆయన నవ్వి, "అంత తక్కువ గాలేదు. గానీ ఇప్పుడు కోపమొస్తే, సెగ లేసింది, జర దూరముండున్రి అని ముందుగాలనే చెప్తున్నది. మేము ఊకుంటున్నం" అనెను.

కళ్ళము నావలి ప్రక్క ఆమె కందులు తూర్పారబట్టుచుండెను. చంకలో మనుమడున్నాడు. కోడలు వచ్చి బిడ్డ నెత్తుకొని చేట నందుకొనెను. ఆమె వేపచెట్టు నీడకు పోయి, కొంగుతో ముఖము విసరుకొనుచు కూర్చుండెను. ఎవ్వరును ఏమియు ననలేదు. నాకంతకన్న మంచి ప్రదర్శనక్షేత్రము ఈ యేట మఱియొకటి కనబడలేదు.

సోదరులారా, వట్టిపోయినది అను మాటను మన గొడ్లకు మాత్రము ఉంచుకొందము. ఇరువది యేండ్లు మన చేలకు, మన బిడ్డలకు తన దేహమును ఖర్చు పెట్టిన మనిషికి అయిదారేండ్ల యోర్పు మనము చెల్లింపవలసిన వాయిదా. సంఘపు బాకీ గడువు తప్పినచో వడ్డీతో కట్టవచ్చును. ఈ బాకీకి ఆ వీలు లేదు. మీ యింటిలో నట్టి స్త్రీ యున్నచో, ఈ పత్రికను మడిచి, నేటి సాయంకాలమే ఆమె నడుగుడు.